ఊ కొట్టే గొంతుకో ట్రాక్, చెప్పే గొంతుకో ట్రాక్: చెన్నై ఇళ్ళలో జూమ్ హెచ్6 రికార్డర్

రేడియోలో గంటసేపు సాగే ఇంటర్వ్యూ వినేవాళ్ళకి ఇద్దరు మనుషుల మాటలే వినిపిస్తాయి. అదే ఇంటర్వ్యూని చెన్నైలో ఒక తెలుగువారి ఇంటి హాల్లో కూర్చుని రికార్డు చేయబోతే నెత్తిమీద ఫ్యాను, మూల ఫ్రిజ్, వంటింట్లో కుక్కరు, వీధిలో ఆటోలు, వాటన్నిటి నడుమ ఎనభై దాటిన ఒక గొంతు. ఆ గొంతుని మిగతా చప్పుళ్ళ నుంచి విడదీసి పట్టుకోవడానికి జూమ్ కంపెనీ చేసే హెచ్6 అనే చేతి రికార్డర్ ఎంతవరకు పనికొస్తుందో చూద్దాం. కచేరీలకి, షార్ట్ ఫిల్ములకి అది ఎలా పనిచేస్తుందో చెప్పే సమీక్షలు బోలెడున్నాయి. సంస్కృతి గురించి, రాజకీయాల గురించి తీరిగ్గా మాట్లాడించి రికార్డు చేసేవాళ్ళ అవసరాలు వేరు.

చెన్నైలో ఈ పనికి తొందర కూడా ఉంది. ఆకాశవాణి మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చేదాకా కోస్తా తెలుగువాళ్ళకి రేడియో అంటే మద్రాసే. పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో నిరాహారదీక్షకు కూర్చుని డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. ఆ రోజులు చూసిన పదేళ్ళ పిల్లవాడికి ఇప్పుడు ఎనభై దాటాయి. కోడంబాకం స్టూడియోల్లో పనిచేసినవాళ్ళూ, తెలుగు పత్రికల ఆఫీసుల్లో ప్రూఫులు దిద్దినవాళ్ళూ వడపళని, సాలిగ్రామం, టీనగర్ వీధుల్లో ఇంకా ఉన్నారు. ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్లకు సొంత వార్తా కార్యక్రమాలు నడిపే అనుమతి లేదు, ఆకాశవాణి బులెటిన్లను ఉన్నదున్నట్టు వినిపించుకోవచ్చంతే. కాబట్టి ఇలాంటి పెద్దవాళ్ళతో రాజకీయాలు కూడా కలిసిన పొడవాటి సంభాషణ కావాలంటే, ఎవరో ఒకరు మైకు సంచీ భుజాన వేసుకుని వాళ్ళింటికి వెళ్ళాల్సిందే. ఆ సంచీలో ఏముండాలన్నదే ప్రశ్న.

హెచ్6 కొత్తది కాదు. 2013లో వచ్చింది. కింది భాగంలో అటు రెండు, ఇటు రెండు, మొత్తం నాలుగు ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు, మైకు తీగలు తగిలించడానికి. ఒక్కో సాకెట్‌కి విడిగా గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచి తీసుకోవాలన్నది) తిప్పే బుడిపె, ఎక్కువ శబ్దం వచ్చినప్పుడు 20 డెసిబెల్స్ తగ్గించే చిన్న స్విచ్. తలమీద ఊడదీసి మార్చుకునే స్టీరియో మైకు. నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. 128 జీబీ వరకు ఎస్‌డీ కార్డు తీసుకుంటుంది. నాలుగు మైకులూ నాలుగు ట్రాకులుగా, పైన ఉన్న స్టీరియో మైకు మరో రెండుగా, మొత్తం ఆరు వేర్వేరుగా రికార్డవుతాయి. మన పనికి ఈ వివరాలన్నిట్లో అసలైనది ఒకటే: విడి ట్రాకులు.

ఎందుకో చెప్పాలంటే తెలుగువాళ్ళు ఎలా మాట్లాడుకుంటారో గమనించాలి. మన దగ్గర కథ చెప్పేవాడికి ఊ కొట్టేవాడు ఉండాలి. 'ఊఁ', 'ఆఁ', 'అవునండీ', 'అయ్యో', 'మరి?' అని ఎదుటివాళ్ళు అందిస్తూ ఉంటేనే పెద్దవాళ్ళకి మాట సాగుతుంది. ఇంటర్వ్యూ చేసేవాళ్ళు నోరు కట్టుకుని తలమాత్రం ఊపితే, రెండు నిమిషాల్లో 'వింటున్నావా అమ్మా?' అని ఆగిపోతారు. ఊ కొట్టాల్సిందే, కానీ గంటసేపు ఆ ఊకొట్టుడు హెడ్‌ఫోన్లో వినాలంటే శ్రోతకి విసుగు. ఒకే మైకుతో ఒకే ట్రాక్‌లో తీస్తే పెద్దాయన మాట మీద పడ్డ ఆ 'ఊఁ'ని బయటికి తీయడం ఎవరి తరమూ కాదు. విడి ట్రాకులుంటే ప్రశ్నలడిగే గొంతుని మాట మధ్యలో 15 నుంచి 20 డెసిబెల్స్ తగ్గించి, ప్రశ్న వచ్చినప్పుడు మళ్ళీ పెంచుకోవచ్చు. పూర్తిగా నొక్కేయకూడదు. ఆ గొంతు ఎదుటి మైకులో కూడా పల్చగా పడి ఉంటుంది, దాని వెనక గది చప్పుడు ఉంటుంది. ఒక ట్రాక్ ఉన్నట్టుండి ఖాళీ అయితే చెవికి గుంట తగిలినట్టు ఉంటుంది.

ఈ ప్రయోజనం దక్కాలంటే కూర్చునే తీరు సరిగ్గా ఉండాలి. సోఫాలో పక్కపక్కన కూర్చోవడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి, ఇద్దరి గొంతులూ రెండు మైకుల్లోనూ సమానంగా పడతాయి. ఇద్దరూ ఎదురెదురుగా, మైకుల వీపులు ఒకదానికొకటి తిరిగి ఉండేలా కూర్చోవాలి. షూర్ ఎస్‌ఎం58 లాంటి కార్డియాయిడ్ మైకు తన వెనక నుంచి వచ్చే శబ్దాన్ని బాగా తక్కువగా తీసుకుంటుంది, ఎదుటి మనిషి సరిగ్గా ఆ వెనకే ఉంటాడు. దూరాల లెక్క కూడా తేలికే: నోటికీ మైకుకీ ఎంత దూరమో, మైకుకీ మైకుకీ కనీసం దానికి మూడింతలు ఉండాలి. నోటికి జానెడు దూరంలో మైకు పెడితే, రెండో మైకు మూడు జానల అవతల. పెద్దవాళ్ళు సోఫా వదలకపోతే బలవంతపెట్టకుండా ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఎదురుగా వేసుకుంటే సరి.

జానెడు కన్నా దగ్గరైతే ఇంకా మంచిదే. బెత్తెడు నుంచి జానెడు మధ్య ఎక్కడైనా పర్వాలేదు. దూరం రెట్టింపైతే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గది చప్పుడు మాత్రం ఉన్నంతే ఉంటుంది. కానీ మైకుని నోటికి సూటిగా పెట్టకూడదు. ప, బ, ఫ, భ పలికేటప్పుడు నోటి నుంచి గాలి ముద్దలా వస్తుంది. 'భాష', 'భావం', 'ఫలితం', 'ప్రభుత్వం' లేకుండా సంస్కృతీ రాజకీయాల మీద తెలుగు మాటే లేదు. మైకుని పెదవి అంచుకి పక్కగా, కొంచెం కిందికి పెట్టి, నోటివైపు ఏటవాలుగా తిప్పితే గాలి పక్కనుంచి పోతుంది, గొంతు మాత్రం పడుతుంది. ఫోమ్ టోపీ తప్పనిసరి, సీలింగ్ ఫ్యాను గాలి పైనుంచి మైకు మీదే పడుతుంది కనుక.

ఇక హెచ్6తో పాటు వచ్చే తలమీది స్టీరియో మైకు సంగతి. కొత్తగా కొన్నవాళ్ళు చాలామంది దాన్నే టీపాయ్ మీద పెట్టి ఇంటర్వ్యూ తీసేస్తారు. అది ఈ పరికరాన్ని వృథా చేయడమే. అది గది మొత్తాన్ని నమ్మకంగా వింటుంది, మనకి గది అక్కర్లేదు. ఫ్యాను, గచ్చు మీద గొంతు ప్రతిధ్వని, స్టీలు గ్లాసు టీపాయ్ మీద పెట్టిన ఠంగుమన్న చప్పుడు, అన్నీ మాటతో సమానంగా వస్తాయి. కానీ దాన్ని ఊడదీసి పారేయాల్సిన పని లేదు. హెచ్6లో బ్యాకప్ రికార్డింగ్ అని ఒక సదుపాయం ఉంది: అదే శబ్దాన్ని 12 డెసిబెల్స్ తక్కువ లెవెల్లో మరో ఫైలుగా దాస్తుంది. ఎవరైనా గట్టిగా నవ్వి అసలు ఫైలు పగిలిపోతే ఇది ఆదుకుంటుంది. అయితే ఈ సదుపాయం పైనున్న స్టీరియో జతకి మాత్రమే, కింది నాలుగు ఎక్స్‌ఎల్‌ఆర్ మైకులకి లేదు. ఇది తెలియక మెనూలో బ్యాకప్ ఆన్ చేసి ధీమాగా కూర్చునేవాళ్ళున్నారు. అందుకని పై మైకుని ఆన్‌లోనే ఉంచి, దాని గెయిన్ తగ్గించి, గది నడుమ కాపలాగా పెట్టాలి. చేతి మైకు తీగ మధ్యలో ఊడిపోయినా మాట పూర్తిగా పోదు.

లెవెల్ పెట్టడంలో చాలామంది పొరపడేది మొదటి రెండు నిమిషాల్లో. 'పొద్దున్న ఏం టిఫిన్ చేశారండీ' అని అడిగి మాట్లాడించి లెవెల్ పెడతారు. ఇడ్లీ గురించి చెప్పే గొంతు వేరు, 1953లో మద్రాసు నగరం ఎవరికి దక్కాలన్న గొడవ గురించి చెప్పే గొంతు వేరు. రెండోదానికి పెద్దాయన కుర్చీలో ముందుకి వంగుతారు, గొంతు లేస్తుంది, మైకుకి దూరమూ తగ్గుతుంది. టిఫిన్ మాటలకి మీటరు మీద మొనలు మైనస్ 18 దగ్గర తగిలేలా పెడితే, వేడెక్కినప్పుడు మైనస్ 12, మహా అయితే మైనస్ 6 దాకా వెళ్తాయి. సున్నా తగలకూడదు. 24 బిట్లలో రికార్డు చేస్తే తక్కువ లెవెల్‌ని తర్వాత పెంచుకున్నా నష్టం లేదు. సున్నాకి కొట్టుకుని పగిలిన మాటని మాత్రం ఎవరూ అతకలేరు.

ఇక్కడ తెలుగుకే సొంతమైన ఒక చిక్కు ఉంది, రికార్డర్లు తయారుచేసేవాళ్ళకి తెలిసే వీలు లేనిది. మన వాక్యంలో అసలు విషయం చివరి క్రియలో ఉంటుంది. 'ఆ కాగితం మీద నేను సంతకం' అన్నంతవరకు ఏమీ తేలదు. 'పెట్టాను' అన్నారా, 'పెట్టలేదు' అన్నారా అన్నదే సాక్ష్యం. వయసు మళ్ళినవాళ్ళకి వాక్యం చివరికొచ్చేసరికి ఊపిరి అయిపోతుంది, గొంతు దిగిపోతుంది. వాక్యం మొదటిమాటకీ చివరిమాటకీ మధ్య 10, 15 డెసిబెల్స్ తేడా ఉండటం మామూలే. ఫ్యాను చప్పుడు ముందు మునిగేది ఆ చివరి మాటే. ఎడిటింగ్‌లో నాయిస్ గేట్ (ఒక స్థాయికి దిగిన శబ్దాన్ని మూసేసేది) పెడితే అది మొదట మింగేసేదీ ఆ మాటనే. చప్పుడు తీసేసే సాఫ్ట్‌వేర్లు కూడా అంతే: జోరు పెంచితే 'లేదు' అన్న రెండక్షరాల్ని గాలిలా అనుకుని తుడిచేస్తాయి. రాజకీయ సంభాషణలో అది అర్థాన్ని తలకిందులు చేస్తుంది. అందుకే నాయిస్ గేట్ అసలు వద్దు. చప్పుడు తగ్గింపు 6 నుంచి 8 డెసిబెల్స్ దాటకుండా ఉంచి, ఆ తర్వాత వాక్యాల చివరలు ఒక్కొక్కటీ వినాలి. అక్కడ గొంతుని చేత్తో నాలుగైదు డెసిబెల్స్ పెంచడం ఓపికతో చేసే పని, గంట ఇంటర్వ్యూకి రెండు మూడు గంటలు పడుతుంది. అంత సమయమూ పెట్టదగ్గ పని అది. అనుమానం ఉన్న చోట ఇంటర్వ్యూలోనే 'అంటే మీరు పెట్టలేదన్నమాట' అని మర్యాదగా మళ్ళీ అడగడం ఇంకా మంచిది.

ఫోన్లో రికార్డు చేస్తే సరిపోదా అన్న ప్రశ్నకి జవాబు కూడా ఇదే. చాలా ఫోన్లు లెవెల్‌ని తమంతట తామే సర్దేస్తాయి. మాట ఆగిన చోట ఫ్యాను చప్పుడు పైకి లేస్తుంది, మాట రాగానే తగ్గుతుంది. పెద్దవాళ్ళు ఆలోచిస్తూ ఆగే ఆ నాలుగు సెకన్ల మౌనం ఇంటర్వ్యూలో విలువైనది, ఫోన్ దాన్ని హోరుతో నింపేస్తుంది. హెచ్6లో బుడిపె ఎక్కడ తిప్పి వదిలితే అక్కడే ఉంటుంది.

హెచ్6 బలహీనత ఎక్కడంటే, మైకు శబ్దాన్ని పెంచే లోపలి ప్రీయాంప్‌లో. గెయిన్ బుడిపెని ఏడు, ఎనిమిది దాటిస్తే సన్నటి సుయ్ మనే శబ్దం మొదలవుతుంది. ఎస్‌ఎం58ని జానెడు లోపల పెడితే అంతదూరం వెళ్ళాల్సిన అవసరం రాదు, వచ్చినా చెన్నై గదుల్లో అది ఫ్యాను వెనక దాక్కుంటుంది. పాడ్‌కాస్ట్ వీడియోల్లో కనిపించే షూర్ ఎస్‌ఎం7బీ మోజులో పడితేనే ఇబ్బంది. ఆ మైకుకి కనీసం 60 డెసిబెల్స్ గెయిన్ కావాలని దాన్ని తయారుచేసే కంపెనీయే చెబుతుంది. మెల్లగా మాట్లాడే మనిషి ముందు దాన్ని పెట్టి హెచ్6ని చివరిదాకా తిప్పినా చాలదు. పైగా స్టాండూ మైకూ కలిపి మోయలేని బరువు. ఇళ్ళకి తిరిగే పనికి ఎస్‌ఎం58 జత చాలు. ఎలక్ట్రో-వాయిస్ ఆర్‌ఈ50 విలేకరులు చేతపట్టుకుని తిరిగే మైకు, చేతి కదలిక చప్పుడు తక్కువ, కానీ అది అన్ని వైపుల నుంచీ వింటుంది కాబట్టి మన విడి ట్రాకుల పద్ధతికి అంత బాగా కుదరదు.

ఉయ్యాల బల్ల మీద కూర్చుని మాట్లాడే అలవాటున్న ఇళ్ళు చెన్నైలో చాలా ఉన్నాయి. స్టాండు మీది మైకుకి వాళ్ళు దగ్గరై దూరమవుతూ ఉంటారు, గొంతు అలలా లేచి పడుతుంది, గొలుసుల కిర్రుమన్న చప్పుడు సరేసరి. వాళ్ళకి గుడ్డకి తగిలించే చిన్న కాలర్ మైకు పెట్టి, హెచ్6లో ఫాంటమ్ పవర్ (తీగలోంచే మైకుకి పంపే కరెంటు) ఆ ఒక్క సాకెట్‌కి ఆన్ చేయాలి. మెనూలో 12, 24, 48 వోల్టులు ఎంచుకోవచ్చు. మైకుకి 24 సరిపోతే 24 పెట్టడమే మేలు, సెల్స్ ఎక్కువసేపు వస్తాయి. కాలర్ మైకుతో వచ్చే తిప్పలు వేరు: పట్టుచీర జరీ రాసుకునే కరకర, గంజిపెట్టిన ఖద్దరు చొక్కా మడత చప్పుడు, మంగళసూత్రం గొలుసు వచ్చి మైకుకి కొట్టుకోవడం. ఆడవాళ్ళకి మైకుని పైటకొంగు మీద, భుజానికి దగ్గరగా, గొలుసు తగలని చోట పెట్టమని ఇంట్లోవాళ్ళ చేతే పెట్టించాలి. తీగని అరచేయంత ఉచ్చులా చుట్టి టేపుతో బట్టకి అంటిస్తే లాగినప్పుడు చప్పుడు రాదు. చేతినిండా గాజులున్నవాళ్ళని గాజులు తీయమనడం మర్యాద కాదు. ఒడిలో ఒక చిన్న దిండు పెడితే చేతులు దానిమీద ఆనుతాయి, గాజుల మోత సగం తగ్గుతుంది.

గది విషయంలో పరికరం చేయగలిగింది కొంచెమే, మనం చేయాల్సిందే ఎక్కువ. హెచ్6లో లో-కట్ ఉంది, అడుగు శబ్దాల్ని కోసేసేది. దాన్ని 80 హెర్ట్జ్ దగ్గర పెడితే వీధిలో లారీ గుడగుడ, ఫ్యాను ఊపుకి వచ్చే గాలి బరువు తగ్గుతాయి. అమెరికా పబ్లిక్ రేడియో ఎన్‌పీఆర్ స్టూడియోల్లో నోయ్‌మన్ యూ87 మైకుల మీద కూడా బాస్ తగ్గించే స్విచ్ వేసే వాడతారు, కారులో వినేవాడికి కూడా మాట స్పష్టంగా తెలియాలని. 80 దాటించి పైకి పోతే మాత్రం మగవాళ్ళ గొంతు పలచబడి టెలిఫోను గొంతులా అవుతుంది.

చెన్నైలో ఫ్యాను ఆపడం కుదరదు. మే నెలలో ఎనభై ఏళ్ళ మనిషిని ఫ్యాను లేకుండా గంటసేపు కూర్చోబెట్టడం పాపం, అలా చేసి తీసిన ఇంటర్వ్యూ కూడా బాగుండదు, ఎప్పుడు అయిపోతుందా అని చూస్తారు. ఏసీ ఉన్న గది ఉంటే అది మేలు. ఏసీ హోరు ఒకే తీరుగా ఉంటుంది కనుక తర్వాత తగ్గించడం తేలిక. ఫ్యాను చప్పుడు రెక్క రెక్కకీ మారుతుంది, అది మాటని తరుగుతున్నట్టు ఉంటుంది. ఏసీ లేకపోతే సీలింగ్ ఫ్యాను ఆపి, టేబుల్ ఫ్యానుని మైకు వెనకవైపు దూరంగా పెట్టి, గాలి మనిషి కాళ్ళమీదికి వెళ్ళేలా తిప్పాలి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వెళ్తే పాత చతురస్ర తరంగం ఇన్వర్టర్లతో ఫ్యాను మూలుగుతుంది. ఆ కాసేపు రికార్డింగ్ ఆపి మంచినీళ్ళు తాగడమే నయం. ఫ్రిజ్ ఆపాలి, వెళ్ళేటప్పుడు మళ్ళీ వేయడం మర్చిపోకుండా బండి తాళాలు ఫ్రిజ్ మీద పెట్టాలి. అందరి ఫోన్లూ ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి, సైలెంట్ చాలదు. సిగ్నల్ వెతుక్కునే ఫోన్ మైకు తీగ పక్కన ఉంటే టకటకమనే చప్పుడు ట్రాక్‌లో పడుతుంది. మాంబళం, కోడంబాకం రైలు పట్టాల పక్కనుండే ఇళ్ళలో రైలు పోయేదాకా ఆగి, ఆ వాక్యం మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకోవాలి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య వంటింటి చప్పుళ్ళు, వీధి రద్దీ రెండూ తక్కువ, కానీ పెద్దవాళ్ళకి అది నిద్రవేళ. పొద్దున్న పదిన్నర ప్రాంతం సరైన రాజీ. ఇంటర్వ్యూ అయ్యాక అందరినీ కదలకుండా కూర్చోబెట్టి ఒక నిమిషం ఉత్త గదిని రికార్డు చేయాలి. కోసి అతికిన చోట్ల గుంటలు పూడ్చేది అదే.

మీట నొక్కే క్రమంలో తప్పులు జరిగేది ముఖ్యంగా ఒక చోట. ట్రాక్ మీటలు 1, 2 ఎర్రగా వెలిగితేనే ఆ ట్రాకులు రికార్డవుతాయి. వెలగని ట్రాక్ మైకు సాకెట్‌లో ఉన్నా ఫైలు రాదు. రికార్డు నొక్కగానే తెరమీద సెకన్లు కదులుతున్నాయో లేదో చూసి, వెంటనే పవర్ మీటని హోల్డ్ వైపు జరపాలి. ఎవరి చేయి తగిలినా ఆగదు. ప్రీ-రికార్డ్ ఆన్ చేసి ఉంచితే మీట నొక్కడానికి ముందు రెండు సెకన్లు కూడా దొరుకుతాయి. పెద్దవాళ్ళు మీరు సిద్ధం కాకముందే మొదలుపెడతారు కాబట్టి అది నిజంగా ఉపయోగం. హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుని రెండో చెవి మనిషికి ఇవ్వాలి. రెండు చెవులూ మూసుకున్న మనిషితో మనసు విప్పి మాట్లాడటం ఎవరికైనా కష్టం.

కార్డు లెక్క: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో ఒక మోనో ట్రాక్ గంటకి సుమారు 518 ఎంబీ. రెండు మైకులకి గంటకి 1 జీబీ కొంచెం పైన, పైనున్న స్టీరియో జతని కూడా కలిపితే 2 జీబీ దాటుతుంది. 32 జీబీ కార్డు ఒక రోజుకి ఎక్కువే. కార్డు చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో కొన్నా ఆన్‌లైన్లో కొన్నా, వాడే ముందు కంప్యూటర్లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ప్రోగ్రాంతో నిండా రాయించి చదివించాలి. మీద 64 అని రాసి లోపల 8 ఉండే నకిలీ కార్డులు మొదటి గంట బాగానే నడిచి తర్వాత మోసం చేస్తాయి. ఆ తర్వాత రికార్డర్‌లోనే ఫార్మాట్ చేసి, మెనూలో ఉన్న కార్డు పరీక్ష కూడా ఒకసారి నడపాలి. రిచీ స్ట్రీట్‌లో నిశ్చింతగా కొనదగ్గవి ఎక్స్‌ఎల్‌ఆర్ తీగలు, ఫోమ్ టోపీలు, స్టాండు బిగించే మరలు. తీగని కొట్లోనే రికార్డర్‌కి తగిలించి, రెండు చివర్లూ వంచి ఊపి హెడ్‌ఫోన్లో వినాలి, చిటపట వస్తే టంకం సరిగ్గా లేదని.

సెల్స్ రీచార్జబుల్ వాడేవాళ్ళు మెనూలో సెల్ రకాన్ని నికెల్ మెటల్ హైడ్రైడ్‌కి మార్చాలి. మార్చకపోతే మిగిలిన చార్జి గుర్తు తప్పుగా చూపిస్తుంది, ఇంటర్వ్యూ మధ్యలో భయపెడుతుంది. కంపెనీ చెప్పే 20 గంటలు పై మైకు ఒక్కటే వాడినప్పటి లెక్క. ఫాంటమ్ పవర్ వేస్తే బాగా తగ్గుతుంది, పూట పూటకీ నిండా చార్జి చేసిన నాలుగు సెల్స్ అదనంగా ఉండాలి. ఇంట్లో ఉన్న ఫోను చార్జరు తగిలించి నడపొచ్చు కదా అంటే, చవక చార్జర్ల నుంచి జుమ్మనే శబ్దం లైనులోకి వస్తుంది. సెల్స్ మీద నడపడమే శుభ్రం.

హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉన్న మనిషిని చెన్నై నుంచి ఇంటర్వ్యూ చేయాలంటే హెచ్6 సరైన పరికరం కాదు. ఫోనుని దానికి తగిలించొచ్చు కానీ, ఫోనులో మాట్లాడే మనిషికి వాళ్ళ గొంతే తిరిగి వినపడకుండా చూసే ఏర్పాటు ఇందులో లేదు. ఆ ఏర్పాటున్నది అదే కంపెనీ పాడ్‌ట్రాక్ పీ4. నాలుగు మైకులు, నాలుగు హెడ్‌ఫోన్లు, ఫోనుకి వేరే సాకెట్, గెయిన్ కూడా హెచ్6 కన్నా మెరుగు. కాకపోతే 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ల దగ్గర ఆగిపోతుంది, లెవెల్ పొరపాటుకి అంత చోటు ఇవ్వదు. ఏది వాడినా ఫోను లైనులో వచ్చే గొంతుని ప్రసారానికి వాడకూడదు. ఫిలడెల్ఫియా నుంచి వచ్చే 'ఫ్రెష్ ఎయిర్' అనే అమెరికన్ రేడియో ఇంటర్వ్యూ కార్యక్రమంలో టెర్రీ గ్రోస్ ఎక్కువమంది అతిథులతో ఎదురుగా కూర్చోకుండానే మాట్లాడతారు, అతిథి మరో ఊళ్ళో మంచి మైకు ముందు ఉంటారు కాబట్టే ఒకే గదిలో ఉన్నట్టు వినిపిస్తుంది. మన స్థాయిలో దానికి దారి ఏమిటంటే, అవతలివాళ్ళు ఇయర్‌ఫోన్లో మన మాట వింటూ, మరో ఫోనుని నోటికి జానెడు దూరంలో దిండు మీద పెట్టి రికార్డు చేసుకోవాలి. మొదట్లోనూ చివర్లోనూ ఇద్దరూ లెక్కపెట్టి ఒకసారి చప్పట్లు కొట్టాలి, రెండు రికార్డింగుల్ని జోడించడానికి అదే గుర్తు. రెండు పరికరాల గడియారాలు కొంచెం తేడాగా నడుస్తాయి, గంటయ్యేసరికి సెకనులో పదో వంతు అటూఇటూ జారొచ్చు. చివరి చప్పట్లు ఆ జారుడు ఎంతో చెబుతాయి.

ఇప్పుడు కొనేవాళ్ళు ఏది కొనాలి? 2024లో వచ్చిన హెచ్6 ఎసెన్షియల్ 32 బిట్ ఫ్లోట్‌లో రికార్డు చేస్తుంది, అంటే లెవెల్ పెట్టే బాధ దాదాపు లేదు. గుసగుస నుంచి గర్జన దాకా వెళ్ళే రాజకీయ నాయకుల్ని, వేదిక గొంతున్న రంగస్థల నటుల్ని రికార్డు చేసేవాళ్ళకి అది మంచి ఎంపిక. చూపులేనివాళ్ళకి మెనూ చదివి వినిపించే ఏర్పాటు కూడా అందులో ఉంది, ఆ ఒక్క కారణానికే అది గొప్ప మార్పు. అయినా 32 బిట్లు మైకు దూరాన్ని తగ్గించవు, గదిని మార్చవు. ఇద్దరు మనుషులు, రెండు మైకులు, ఓపికగా లెవెల్ చూసుకునే ఒక చేయి ఉంటే పాత హెచ్6 ఇప్పటికీ పూర్తిగా చాలు, మిగిలిన డబ్బుతో మంచి మైకు జత, హెడ్‌ఫోన్ వస్తాయి. పాతది కొనేటప్పుడు చూడాల్సినవి: నాలుగు బుడిపెలూ తిప్పినప్పుడు గరగరమంటున్నాయా, సెల్స్ గది తీగచుట్టల మీద తెల్లటి పొడి ఉందా, ఒంటిమీది రబ్బరు పూత చేతికి అంటుతోందా. ఆ పూత ఏళ్ళు గడిచేకొద్దీ జిగటగా మారుతుంది, సముద్రపు తేమ ఉన్న ఊళ్ళో మరీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో మెల్లగా తుడిస్తే పోతుంది, పనితీరుకి నష్టం లేదు. ఇంటర్వ్యూలు లేని నెలల్లో సెల్స్ తీసేసి, సిలికా జెల్ పొట్లాలతో బిగుతు మూత డబ్బాలో పెట్టాలి.

ఇంటికి రాగానే కార్డు రెండు చోట్ల కాపీ చేసేదాకా చెరపొద్దు. రికార్డర్ ఇచ్చే జూమ్0001 లాంటి పేర్లని వెంటనే మార్చి, మనిషి పేరు, వీధి, తేదీ పెట్టాలి. రికార్డర్‌లో తేదీ సరిచేసి ఉంచడం అందుకే. చివరి ఫైలు మోనోలో మైనస్ 19 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గర పెడితే ఫోను స్పీకరులోనూ మాట తెలుస్తుంది. ప్రసారానికి కోసినది ప్రసారానికి, కోయని పూర్తి సంభాషణ ఆ ఇంటివాళ్ళకి. 64 కేబీపీఎస్ మోనో ఎంపీ3 గంటకి 29 ఎంబీ కూడా కాదు, వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపొచ్చు. పెద్దవాళ్ళకి మాత్రం పెన్‌డ్రైవ్‌లో వేసి, వాళ్ళ టీవీకి తగిలించి వినిపించి చేతికివ్వాలి.